ఒకటి నుంచి మూడో క్లాసు దాకా ఇంట్లో చదువు: ఏ కరికులం, ఎంత కరికులం

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుందాం అనుకునే అమ్మానాన్నలు మన తిరుపతి, చిత్తూరు వైపు కూడా అక్కడక్కడా కనిపిస్తా ఉన్నారు. ఒకరికి బడి దూరం, ఆటోలో పదిమందిని కుక్కి తీసుకుపోతారని భయం. ఇంకొకరి పిల్లాడికి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇంకొకరేమో ఎల్‌కేజీ నుంచే రోజూ నాలుగు పేజీల హోంవర్కు చూసి విసిగిపోయినవాళ్లు. కారణం ఏదైనా గానీ అడిగేది మాత్రం ఒకటే, "అక్కా, ఏ కరికులం తీసుకోమంటావు?" అని. అప్పటికే ఫోన్లో ప్యాకేజీలు చూసీ చూసీ తల వాచిపోయి ఉంటుంది పాపం, ఒకదాంట్లో పన్నెండు సబ్జెక్టులు, ఇంకోదాంట్లో ముప్పై వర్క్‌బుక్కులు, ఏది వదిలేస్తే పిల్లాడు వెనకబడిపోతాడో అని దిగులు.

నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి చదవడానికి ఒక పుస్తకం, లెక్కలకి ఒక పుస్తకం, రోజూ వినడానికి కథ, మిగతాదంతా మాటలు, ఆట, తిరుగుడు, ఇంటిపని. ఈ మాత్రం ఏడాది పొడుగునా వదలకుండా నడిపిస్తే చాలు, ఆ వయసుకి అదే నిండు కరికులం. ఇంతకు మించి పెట్టుకున్న ఇళ్లలో దసరా లోపే పుస్తకాలు అటకెక్కుతాయి.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే "ఏ కరికులం" అనే ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. పిల్లాడికి ఏ ఏడు ఏం రావాలి అనేది ఒకటి, అది సిలబస్. ఏ పుస్తకంతో నేర్పాలి అనేది ఇంకోటి. ఎట్లా నేర్పాలి అనేది పద్ధతి, మాంటిస్సోరి అనీ ఇంకోటనీ పేర్లు వినిపించేది ఇక్కడే. నాలుగోది సర్టిఫికెట్, రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించాలి అన్న భయం. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ నాలుగూ ఒకే పెట్టెలో పెట్టి ఒకే రేటు చెప్తారు, మనం విడివిడిగా చూసుకుంటే అందులో మూడు దాదాపు ఉచితంగానే దొరుకుతాయి.

ముందు సర్టిఫికెట్ భయం

విద్యా హక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వర్తిస్తుంది. అందులో సెక్షన్ 10 ప్రకారం పిల్లల్ని దగ్గర్లో ఉన్న బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. అయితే చేర్పించని తల్లిదండ్రులకి ఇదీ శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా రాయలేదు. ఇంట్లో చదువు అనేదాని ఊసే అందులో లేదు, ఒప్పుకుందీ లేదు, నిషేధించిందీ లేదు. ఈ విషయం తెలుసుకునే దిగాలి, ఎవరో "అంతా లీగలే" అన్నారని కాదు, ఇంకెవరో "కేసు పెడతారు" అన్నారనీ కాదు.

మళ్లీ బడికి పోవాలంటే దారి ఉంది. అదే చట్టంలో సెక్షన్ 4 ఉంది, అసలు బడికి పోని పిల్లల్ని గానీ మధ్యలో మానేసినవాళ్లని గానీ వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాలి. కాబట్టి మూడో క్లాసు వయసొచ్చిన పాపని ఒకటో క్లాసు నుంచి మొదలుపెట్టమనడానికి లేదు. బడి వద్దనుకుంటే ఎన్ఐఓఎస్ ఉంది, అంటే బడికి పోకుండానే చదివి పరీక్ష రాయడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఓపెన్ స్కూలు బోర్డు, వాళ్ల ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ఎ, బి, సి అని మూడు లెవెల్స్, అవి వరుసగా 3, 5, 8 క్లాసులకి సమానం. పదో తరగతి పరీక్షకి అక్కడ 14 ఏళ్లు నిండాలి. అంటే ఆరేళ్ల పిల్లాడి చదువు గురించి ఇప్పుడు బోర్డు ఎంచుకోవాల్సిన అవసరమే లేదు, ఆ ప్రశ్నని ఇంకో నాలుగైదేళ్లు పక్కన పెట్టేయండి.

డబ్బు సంగతి ఒకటి మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. బడికి పోయే పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బులిచ్చే తల్లికి వందనం లాంటి పథకాలు బడిలో పేరు ఉండి హాజరు ఉన్న పిల్లలకే వస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలకి ఆ డబ్బులూ రావు, బడిలో ఇచ్చే పుస్తకాలూ బట్టలూ మధ్యాహ్న భోజనం కూడా ఉండవు. తర్వాత అత్తామామలు "ఆ పదమూడు వేలు కూడా పోగొట్టారు" అని దెప్పకుండా ఉండాలంటే ముందే తెలియాలి కదా.

ఏ ఏడు ఏం రావాలి

ఇది మనం అనుకున్నంత పెద్ద లిస్టు కాదు. కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది, మూడో క్లాసు అయిపోయేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, లెక్కలు చెయ్యడం గట్టిగా రావాలి అనేది దాని లక్ష్యం. అందులో చెప్పింది చూడండి. ఒకటో క్లాసు చివరికి నాలుగైదు చిన్న మాటలున్న వాక్యం, అంతకుముందు చూడనిది, సొంతంగా చదవాలి, 99 దాకా అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు తీసివేతలు రావాలి. రెండో క్లాసుకి 999 దాకా అంకెలు, 99 దాకా తీసివేతలు, చదవడం నిమిషానికి 45 నుంచి 60 మాటలు. మూడో క్లాసుకి 9999 దాకా అంకెలు, చిన్న గుణకారాలు, అర్థమవుతా నిమిషానికి కనీసం 60 మాటలు. ఇంతే. మూడేళ్లు టైముంది దీనికి.

జీకే, మోరల్ సైన్సు, కంప్యూటరు, అబాకస్, ఇవేవీ ఇందులో లేవు. కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాల్లో ఒకటి, రెండు క్లాసులకి పరిసరాల విజ్ఞానం అని విడిగా పుస్తకమే లేదు, మూడో క్లాసు నుంచే మొదలవుతుంది. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ అయితే రెండో క్లాసు దాకా హోంవర్కే వద్దంటుంది. పక్కింటి పాప ఒకటో క్లాసులో తొమ్మిది పుస్తకాలు మోస్తా ఉంటే మన పాపకి రెండే ఉన్నాయే అని మనసు పీకుతుంది, పీకడం సహజమే, కానీ ఆ తొమ్మిది పుస్తకాలు ప్రభుత్వం చెప్పినవి కాదు, ఆ బడి తగిలించినవి.

నిమిషానికి ఇన్ని మాటలు అనే లెక్క దగ్గర ఒక్క జాగ్రత్త. తెలుగులో మాటలు పొడుగు, "వచ్చేటప్పటికి" అనేది మనకి ఒక్క మాటే. కాబట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పిల్లాడి ముందు కూర్చోవద్దు. తడుముకోకుండా, చదివింది అర్థం చేసుకుంటా చదువుతున్నాడా అనేదే చూడండి.

చదవడం

ముందు ఏ భాష అని అడుగుతారు. మీరు ఏ భాషలో గడగడా చదివి వినిపించగలరో, ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకుంటారో, ఆ భాష. ఎక్కువ ఇళ్లలో అది తెలుగే. నగరి, పుత్తూరు, కుప్పం వైపు ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లు చాలామంది, ఉర్దూ మాట్లాడే ఇళ్లు కూడా ఉన్నాయి, వాళ్లు కథలు ఇంటి భాషలో చెప్తా చదవడం తెలుగులో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, పిల్లలకి వీధిలో తెలుగు చెవిన పడతానే ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో క్లాసు దాకా ఇంటి భాషలోనే చెప్పమంటుంది.

ఇంక పాత అలవాటు ఒకటుంది మనకి. అచ్చులన్నీ, హల్లులన్నీ, ఆ తర్వాత గుణింతాలన్నీ, ఆ తర్వాత ఒత్తులన్నీ, ఇవన్నీ అయ్యాకే మాటలు. పిల్లాడు "క కా కి కీ" అని పాటలాగా ఏకబిగిన చెప్పేస్తాడు, మధ్యలో "కూ" మీద వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ "క" నుంచి లెక్కపెట్టుకుంటా వస్తాడు. నోటికొచ్చింది, కంటికి రాలేదు. పైగా ఙ, ఞ, ఌ లాంటివి ఆ వయసు పిల్లల కథల్లో దాదాపు కనిపించనే కనిపించవు, వాటి మీద వారం పోగొట్టడం ఎందుకు.

దీనికంటే తేలికైన దారి ఉంది. వ, ల, ప, డ, త, క, ఈ ఆరే ఆరు అక్షరాలు ముందు నేర్పండి. ఆరు వస్తే ఆ రోజే వల, తల, కల, వడ, కడవ, పడవ, పలక, పడక చదివేస్తారు. చదివిన ప్రతి మాటకీ అర్థం తెలుసు, అందుకే మొహం వెలిగిపోతుంది. తర్వాత ఒక్క దీర్ఘం కలిపితే తాత, పాప, పాత, వాడ వచ్చేస్తాయి, ఇంకా చెప్పాలంటే పాకాల బస్సు బోర్డు వచ్చేస్తుంది! ఆ బోర్డులో ఉన్నవన్నీ నేర్చుకున్నవే కదా, పా, కా, ల.

బస్సు బోర్డుల్ని నేను ఊరికే చెప్పలేదు, మన జిల్లాల ఊర్ల పేర్లలోనే తెలుగు చదవడం మొత్తం మెట్లు మెట్లుగా ఉంది. గుడి, కొమ్ము వచ్చిన పిల్లలకి నగరి, తిరుపతి. ఏత్వం వచ్చాక పలమనేరు, పీలేరు. సున్న వచ్చాక పుంగనూరు. ఒత్తుల్లో ముందు అదే అక్షరం కింద అదే వత్తు వచ్చేవి చెప్పాలి, అమ్మ, అక్క, అవ్వ, కుక్క అన్నీ అవే కాబట్టి పిల్లలకి తేలిక, అవి వస్తే చిత్తూరు, పుత్తూరు, కుప్పం, మదనపల్లె. వేరే అక్షరం వత్తు వచ్చేవి ఆఖర్లో, అప్పుడు చంద్రగిరి, శ్రీకాళహస్తి. ఆర్టీసీ బస్టాండులో ఒక అరగంట కూర్చోబెడితే వర్క్‌బుక్కు పదిపేజీలు నింపిన దానికంటే ఎక్కువ చదువుతారు, వాళ్లకది చదువు అని కూడా తెలీదు.

పుస్తకం కావాలంటే మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీ ఒకటో క్లాసు తెలుగు వాచకం చాలు, వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతుంది, కలర్ ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. దాంతోపాటు చిన్న కథల పుస్తకాలు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైటు పెట్టారు, అందులో తెలుగు కథలు నాలుగు లెవెల్స్‌గా ఉంటాయి, ఒక పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి కూడా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసే పిల్లల పుస్తకాలు కూడా చేతిలో పట్టుకుని చదవడానికి బాగుంటాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

కథ చదివి వినిపించడం మాత్రం మానొద్దు, పిల్లలకి చదవడం వచ్చాక కూడా. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అని ఒకావిడ ఉండేది, 1842లో పుట్టి 1923 దాకా బతికింది, ఇంట్లో చదివించేవాళ్లు ఇప్పటికీ ఆమె పేరు చెప్తారు. ఆమె చెప్పినవాటిలో మన ఇళ్లకి అచ్చంగా సరిపోయేవి రెండు. చిన్న పిల్లలకి ఏ పాఠమూ ఇరవై నిమిషాలు దాటకూడదు, కథ విన్నాక ప్రశ్నలు వేయకుండా ఆ కథ మళ్లీ చెప్పమనాలి. "పొద్దున మనం చదువుకున్న కథ తాతకి చెప్పు నాన్నా" అంటే చాలు, కాంప్రహెన్షన్ వర్క్‌షీటు పని అక్కడే అయిపోతుంది, తాతకీ సంతోషం.

లెక్కలు

లెక్కల దగ్గర తొందరపడే ఇల్లే ఎక్కువ. 100 దాకా అంకెలు రాయడం వచ్చిందని గర్వంగా చెప్తారు, పదమూడు చింతగింజలు ముందు పెట్టి ఐదు తీస్తే ఎన్ని అంటే పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. మొదటి నాలుగైదు నెలలు 20 దాటకండి. చింతగింజలతో 10ని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో ఆడించండి, 7కి 3, 6కి 4, 8కి 2, ఇది వేళ్లు చూడకుండా చెప్పే దాకా ఆడించండి, తర్వాత లెక్కలు వాటంతటవే పరిగెత్తుతాయి. తెలుగులో చెప్పడం ఇక్కడ కలిసొస్తుంది, పదమూడు అంటేనే పదీ మూడూ, ఇరవై ఒకటి అంటేనే ఇరవై పైన ఒకటి.

అందరూ ఇబ్బంది పడే చోటు ఒకటి దగ్గరగా చూద్దాం. 32లోంచి 17 తీసేయాలి. పుస్తకంలో "రెండులోంచి ఏడు పోదు, పక్కింట్లో అప్పు తెచ్చుకో" అంటారు, పిల్లలు అట్లాగే చేసేస్తారు, ఎందుకో తెలీదు. దానికి బదులు చీపురు పుల్లలు చిన్నగా తుంచి పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు చేసి పెట్టుకోండి. 32 అంటే మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. పదిహేడు ఇవ్వు అనండి. ఒక కట్ట ఇచ్చేస్తారు, ఇంకా ఏడు ఇవ్వాలి, చేతిలో విడిగా రెండే ఉన్నాయి. ఇక్కడ మీరు నోరు తెరవకూడదు. కాసేపు చూస్తారు, మీ మొహం చూస్తారు, తర్వాత వాళ్లే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగేస్తారు, పన్నెండు పుల్లలయ్యాయి, ఏడు ఇస్తారు, ఐదు మిగిలాయి, పక్కన ఒక కట్ట, పదిహేను. ఇట్లా కొన్ని రోజులు చేశాక ఆ పుల్లల బొమ్మ గీయమనండి, ఆ తర్వాతే అంకెల్లో. వస్తువు, బొమ్మ, అంకె, ఇదే వరస. సింగపూర్ మ్యాథ్స్ అని పేరు పెట్టి వేలకి వేలు పోసి కొనిపించే పుస్తకాల వెనక ఉన్న సూత్రం కూడా ఇదే.

పుస్తకానికి ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్ ఒకటి, రెండు క్లాసులకి బాగుంది, బొమ్మలతో, ఆటలతో ఉంటుంది, కొనుక్కుంటే 65 రూపాయలు, పీడీఎఫ్ ఉచితం. అది తెలుగులో లేదు. తెలుగులో కావాలనుకుంటే మన రాష్ట్రం లెక్కల పుస్తకం తీసుకోండి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది, రేపు ఇంగ్లీషు మీడియంలో చేర్చాల్సి వచ్చినా ప్లస్, మైనస్ మాటలు కొత్తగా ఉండవు. రెండిట్లో ఒకటే పెట్టుకోండి, ఏడాది మధ్యలో మార్చొద్దు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చెప్తే పిల్లాడికి ఏ పుస్తకంలోనూ కాలు నిలవదు.

మిగతాదానికి వామనగుంటలు, అష్టాచెమ్మా, పాము నిచ్చెన బోర్డు. రైతుబజారుకి తీసుకెళ్లి యాభై రూపాయలు చేతికిచ్చి టమోటాలు కొని చిల్లర తెమ్మనడం. ఎక్కాలు నోటికి రావాలి, దాంట్లో నాకేం అనుమానం లేదు, కానీ మూడో ఎక్కం నోటికి చెప్పే ముందు మూడేసి గింజల కుప్పలు పెట్టి చూసి ఉండాలి.

పద్ధతుల పేర్లు

మాంటిస్సోరి గురించి ఎక్కువమంది అడుగుతారు. మరియా మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే మద్రాసు అడయారుకి వచ్చింది, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది, ఇక్కడి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతి గొప్పదే, కాకపోతే దానికి తగ్గ చెక్క సామాను మొత్తం కొనాలంటే ఇల్లు సరిపోదు, జేబు కూడా సరిపోదు. ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి చేతులతో నిజమైన పని చెయ్యనివ్వడం. పప్పు ఏరడం, చెంబులోంచి గ్లాసులో నీళ్లు ఒలకకుండా పోయడం, బట్టలు మడత పెట్టడం మన ఇళ్లలో రోజూ ఉన్నవే.

నాకు అంతకంటే నచ్చింది మన పక్కనే పుట్టింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో, జిడ్డు కృష్ణమూర్తి గారి ట్రస్టు నడిపే చోట, రివర్ అని ఒక సంస్థ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరుండి అన్ని క్లాసుల పిల్లలూ ఒకే గదిలో కూర్చునే బడుల కోసం వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు, ప్రతి కార్డుకీ ఒక గుర్తు, గోడ మీద నేర్చుకునే నిచ్చెన. పిల్లాడు తను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని తనే తర్వాతి కార్డు తీసుకుంటాడు, పక్కవాడు ఎక్కడున్నాడు అనే గొడవ లేదు, ఒక వారం జ్వరమొచ్చి పడుకున్నా వదిలిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కార్యాచరణ పద్ధతికి కూడా మూలం ఇదే.

ఇంట్లో చదువుకి ఇది ఎందుకు పనికొస్తుందంటే, ఆరేళ్ల పాపా ఎనిమిదేళ్ల బాబూ ఉన్న ఇల్లు కూడా ఒకే టీచరున్న బడే. వాళ్ల కార్డులే కావాలని లేదు. మీ తెలుగు వాచకంలో, లెక్కల పుస్తకంలో ఉన్న పాఠాలని వరసగా ఒక చార్టు మీద మెట్లుగా గీసి గోడకి అంటించండి, మెట్టు పూర్తయినప్పుడు పాపనే రంగు వేయమనండి. ఈ వారానికి ఇంత పూర్తవ్వాలి అనే టైంటేబుల్ కంటే ఇది వంద రెట్లు నయం, ఎందుకంటే టైంటేబుల్ తప్పిందంటే అమ్మకి దిగులు, మెట్టు ఆగితే ఆగిందెక్కడో తెలుస్తుంది.

ఇంగ్లీషు గురించి దిగులు

ఇది చెప్పకపోతే ఎవరూ ఊరుకోరు. మొదటి ఏడాది ఇంగ్లీషు నోటితోనే, చెవితోనే. చిన్న చిన్న పాటలు, "గివ్ మీ", "కమ్ హియర్" లాంటి ఇంటి మాటలు, రోజుకొక బొమ్మల పుస్తకం. తెలుగు చదవడం కుదిరాక, అంటే రెండో ఏడు అనుకోండి, ఫోనిక్స్, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో పట్టుకుని చదవడం నేర్పే పద్ధతి, మొదలుపెట్టండి. జాలీ ఫోనిక్స్ లాంటివాటిలో 42 శబ్దాలుంటాయి, రోజుకి పదిహేను నిమిషాలు చాలు. అక్షరాలు కలిపితే మాట అవుతుంది అనే సంగతి తెలుగులో ఒకసారి పట్టుకున్న పిల్లలకి ఇంగ్లీషులో అది మళ్లీ నేర్పక్కర్లేదు. రెండు భాషల అక్షరాలూ ఒకేసారి మొదలుపెడితే మాత్రం కొంతమంది పిల్లలు రెండిట్లోనూ తడబడతారు, తొందర లేదు కాబట్టి ఆ తంటా ఎందుకు.

ప్యాకేజీ కొనే ముందు

అమెరికా ప్యాకేజీలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లోపల తెరిస్తే లెక్కల్లో పెన్నీలు, నికెల్సూ డైమ్సూ, కొలతల్లో అంగుళాలు, పౌండ్లు, రుతువుల పాఠంలో మంచు. మన పిల్లాడు రూపాయి బిళ్లలూ కిలోలూ చూస్తా పెరుగుతాడు, ఆ పేజీలన్నీ మనం దాటేసుకుంటా పోవాలి. మనదేశం ప్యాకేజీల్లో ఎక్కువ భాగం గీతల మీద రాయించే వర్క్‌బుక్కులే. ఏది కొన్నా ముందు శాంపిల్ పేజీలు అడిగి ఒక పాఠం మీ పాపతో చేసి చూడండి. పాఠానికి ముందు మీరెంతసేపు తయారవ్వాలో చూసుకోండి, వంట, అత్తగారి మందులు, చిన్నోడి ఏడుపు మధ్యలో అరగంట ప్రిపరేషన్ కుదరదు, అది ఎంత గొప్ప కరికులమైనా కుదరదు. ఒక పేజీ దగ్గర పాప ఆగిపోతే అక్కడే రెండు వారాలు ఉండడానికి అది ఒప్పుకుంటుందా, లేక రోజుకో వీడియో వచ్చి మీదపడుతుందా అనేది కూడా చూడండి.

రోజుకి గంటన్నర దాటొద్దు. తెలుగు ఇరవై నిమిషాలు, లెక్కలు ఇరవై, మధ్యలో పరుగులు, తర్వాత కథ, బొమ్మలు. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకే కూర్చోబెట్టి ఎనిమిదికల్లా లేపేయొచ్చు. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇల్లయితే పొద్దున లెక్కలు నాన్న, సాయంత్రం కథ అవ్వ, ఇట్లా పంచుకుంటే నడుస్తుంది.

పరిసరాల విజ్ఞానానికి పుస్తకం కొనకండి, తిరుపతిలో ఉండి. ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, జూ పార్కు, చంద్రగిరి కోట, కొండ మీద శిలాతోరణం, వానలు పడ్డాక కపిలతీర్థం జలపాతం, ఇవన్నీ నెలకొకటి. అన్నిటికంటే నాకిష్టమైంది ఒకే మామిడి చెట్టుని పూత నుంచి కాయ దాకా చూడటం. చలికాలంలో పూత, తర్వాత పిందె, ఎండల్లో కాయ, జూన్ జులైలో తోతాపురి లారీలు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరేటప్పటికి పాప నోటుబుక్కులో ఆ చెట్టు బొమ్మలు వరసగా తేదీలతో ఉంటాయి.

సరిగ్గా నేర్చుకుంటున్నారా లేదా అనేది మూడు నాలుగు నెలలకొకసారి చూసుకోండి. అసర్ సర్వే అని 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి చేస్తారు, దానికి వాడే కాగితం ఒక్క పేజీ, అక్షరాలు, మాటలు, ఒకటో క్లాసు స్థాయి చిన్న పేరా, రెండో క్లాసు స్థాయి కథ. తెలుగులో కూడా ఉంది, ఉచితం. ఎక్కడ ఆగితే అక్కడ నుంచి పని. ఎనిమిదేళ్లొచ్చినా, రోజూ చెప్తున్నా అక్షరాలు తారుమారవుతా ఉంటే, చిన్న మాట కూడా కూడబలుక్కుంటా ఉంటే కరికులం మార్చుకుంటా కూర్చోవద్దు, తిట్టొద్దు, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించి, ఆ తర్వాత పిల్లల డాక్టర్ని అడిగి చదువులో ఇబ్బందులు చూసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పిల్లలకి కావాల్సిన పద్ధతే వేరు, ఎంత ముందు తెలిస్తే అంత మంచిది.

బర్త్ సర్టిఫికెట్, ఆధార్, నెలకి రెండు మూడు పేజీల రాతలు, లెక్కలు తేదీ వేసి ఒక ఫైల్లో దాచండి. మూడో క్లాసులోనో నాలుగులోనో బడిలో చేర్చాలనుకుంటే జూన్ దాకా ఆగొద్దు, ఫిబ్రవరి, మార్చిలోనే ఆ బడి హెడ్‌మాస్టర్ని కలిసి ఆ ఫైలు చూపించి, వాళ్లు వాడే పుస్తకాలేంటో అడిగి తెచ్చుకుని, అంతకు ముందు క్లాసు పుస్తకంలో చివరి పాఠాలు ఎండాకాలంలో పాపతో ఒకసారి తిరగేయండి.